రాధారమణ మిత్ర: నగర చరిత్ర రచనలో అభ్యుదయ దృక్పథం

చరిత్ర అంటే రాజుల కథ కాదని, అది ప్రజల జీవితమని మనం చాలాకాలంగా చెప్పుకుంటున్నాం. సభల్లో ఈ మాట అన్నప్పుడు చప్పట్లు కూడా పడతాయి. కాని ప్రజల చరిత్రను ఎక్కడినుంచి తీసి రాయాలి? దానికి ఆధారాలేవి? రాజుకు శాసనం ఉంది, కోట ఉంది, ఆస్థానకవి ఉన్నాడు. బడిపంతులుకు, అచ్చు కార్మికుడికి, బజారులో చిల్లరకొట్టువాడికి ఏముంది? ఈ ప్రశ్నకు సిద్ధాంతంతో సమాధానం చెప్పినవారు చాలామందే ఉన్నారు. తన కాళ్లతో సమాధానం చెప్పినవారు బహు తక్కువ. ఆ తక్కువమందిలో ఒకడు బెంగాలీ పరిశోధకుడు రాధారమణ మిత్ర (1897-1992). ఆయన రాసిన ‘కలికాతా దర్పణ్’ కు 1981లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అయినా తెలుగు పాఠకులలో ఆ పేరు తెలిసినవారు అరుదు. శరత్‌బాబును మన ఇంటి రచయితగా చేసుకున్న మనం, ఆయన పాత్రలు తిరిగిన వీధుల చరిత్ర రాసినవాణ్ణి పట్టించుకోలేదు.

ఈ వ్యాసం ఉద్దేశం ఆయనను పొగడటం మాత్రమే కాదు. పాత కట్టడాలు, పాత వీధులు, పాత పేర్లు - వీటితో అభ్యుదయవాదికి ఏమి పని అన్న ప్రశ్నను ఆయన జీవితాన్నీ కృషినీ ఆసరాగా చేసుకొని చర్చించడం. మన శిబిరంలోనే ఈ ప్రశ్నకు రెండు విరుద్ధమైన సమాధానాలున్నాయి. పాతదాన్ని కాపాడటమంటే జమీందారుల మేడలకు సున్నం కొట్టడమేననీ, అది మన పని కాదనీ ఒక సమాధానం. పాతదంతా మన జాతి సంపద గనుక దాన్ని కళ్లకద్దుకోవాలని మరొకటి. ఈ రెండూ పొరపాటేనని నా వాదన.

1

ముందుగా మనిషిని గురించి. రాధారమణ మిత్ర గ్రంథాలయంలో పుట్టి గ్రంథాలయంలో పెరిగిన పండితుడు కాడు. సహాయ నిరాకరణోద్యమం రోజుల్లో చదువు వదిలిన యువకతరంలోనివాడు. సంయుక్త రాష్ట్రాలలోని ఇటావాలో ఉద్యమం నడిపాడు. సబర్మతీ ఆశ్రమంలో గాంధీజీ సన్నిధిలో గడిపాడు. ఆ మార్గం తనకు చాలదని తోచినప్పుడు కార్మికులలోకి వచ్చాడు. 1928 నాటి బెంగాల్ జనపనార మిల్లుల సమ్మెలలో, ముఖ్యంగా హుగ్లీ పడమటి గట్టున చెంగైల్, బౌరియాలలో జరిగిన పోరాటాలలో ఆయన ముందు నిలిచాడు. బౌరియా సమ్మె నెలల తరబడి సాగింది. ఆ కార్మికులకు సంఘబలం తప్ప మరే బలమూ లేదు.

1929 మార్చి 20న దేశమంతటా ఒకేసారి సోదాలు, అరెస్టులు జరిగాయి. చక్రవర్తి సార్వభౌమత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నారని ముప్పైమందికి పైగా నాయకులమీద ప్రభుత్వం మీరట్‌లో కేసు పెట్టింది. ముజఫర్ అహ్మద్, డాంగే, ఘాటే, మిరాజ్‌కర్, పి.సి. జోషీ, ఇంగ్లీషువారైన ఫిలిప్ స్ప్రాట్, బెన్ బ్రాడ్లీల సరసన రాధారమణ మిత్ర కూడా బోనులో నిలబడ్డాడు. జూరీ ఉండే పెద్ద నగరాలను వదిలి మీరట్‌ను ఎంచుకోవడంలోనే ప్రభుత్వపు ఆంతర్యం బయటపడింది. విచారణ సంవత్సరాల తరబడి నడిచింది. ఉత్తరాలు, కరపత్రాలు, సంఘాల మినిట్సు పుస్తకాలు గుట్టలు గుట్టలుగా సాక్ష్యంలోకి వచ్చాయి. 1933 జనవరిలో సెషన్సు కోర్టు శిక్షలు వేసింది. అదే సంవత్సరం ఆగస్టులో అలహాబాదు హైకోర్టు కొందరిని విడుదల చేసి, తక్కినవారి శిక్షలను బాగా తగ్గించింది. ఆనాటి ముద్దాయిలు కోర్టులో ఇచ్చిన వాఙ్మూలాలు భారత కమ్యూనిస్టు ఉద్యమానికి తొలి పాఠ్యగ్రంథాలయ్యాయి.

ఇటువంటి గతం ఉన్న మనిషి జీవితపు రెండవ భాగాన్ని కలకత్తా సందుగొందుల చరిత్రకు ధారపోశాడు. ‘కలికాతా దర్పణ్’ వెలువడేనాటికి ఆయనకు ఎనభైయేళ్లు దాటాయి. విద్యాసాగరుడు కలకత్తాలో గడిపిన జీవితాన్ని గురించి విడిగా ఒక పుస్తకం రాశాడు. డేవిడ్ హేర్ వంటివారి జీవితాలను పరిశోధించాడు. కార్మిక నాయకుడు పురాతత్త్వానికి దిగటం రాజకీయ సన్యాసమని కొందరికి తోచవచ్చు. నాకు అలా తోచదు. మిల్లు గేటు దగ్గర మాట్లాడేవాడు అంకెల్లో పొరపడితే వినే కార్మికుడు అక్కడికక్కడే తప్పు పడతాడు. ఆ క్రమశిక్షణనే మిత్ర చరిత్రలోకి తెచ్చాడు. అందరూ చెప్పుకుంటున్నారు గనుక నిజమని నమ్మడం ఆయనకు చేతకాదు.

2

మిత్రకు ముందు కలకత్తా చరిత్ర లేదా? లేకేం, చాలా ఉంది. 1901 జనాభా లెక్కల సందర్భంలో అతుల్‌కృష్ణ రాయ్ నగర చరిత్రను సంక్షిప్తంగా రాశాడు. 1905లో బ్లెచిండెన్, 1907లో కాటన్ ఇంగ్లీషులో పెద్ద పుస్తకాలు వేశారు. 1915లో హరిసాధన్ ముఖోపాధ్యాయ బెంగాలీలో ‘కలికాతా సేకాలేర్ ఓ ఏకాలేర్’ వెలువరించాడు. ఇంకా వెనక్కు పోతే 1862లోనే కాలీప్రసన్న సింహ గుడ్లగూబ మారుపేరుతో బాబుల నగరాన్ని ఎగతాళి చేశాడు.

ఇంగ్లీషువారి పుస్తకాలలో కలకత్తా ఎలా ఉంటుంది? 1690 ఆగస్టు 24న జాబ్ చార్నాక్ అనే కంపెనీ ఉద్యోగి వానలో తడుస్తూ సుతానుటి గట్టుమీద దిగుతాడు. అంతకుముందు అక్కడ బురద, దోమలు తప్ప ఏమీ లేవు. ఆ బురదలోనుంచి గవర్నమెంటు హౌసు, కోట, చర్చీలు, పార్క్ స్ట్రీట్ శ్మశానం లేచి నిలబడతాయి. దేశీయులు ఉన్నారా అంటే ఉన్నారు - బంట్రోతులుగా, బోయీలుగా, చీకటి గదిలో ఇంగ్లీషువారిని కుక్కిన దుర్మార్గులుగా.

ఈ కథకు అబద్ధంకంటె అర్ధసత్యం పునాది. 1698 నవంబరు 10న కంపెనీ సావర్ణ రాయ్ చౌధురి వంశంవారి నుంచి 1300 రూపాయలకు సుతానుటి, కలికాతా, గోవిందపూర్ అనే మూడు గ్రామాల హక్కు సంపాదించింది. కొన్నది భూమి కాదు, జమీందారీ హక్కు, అంటే శిస్తు వసూలు చేసుకునే అధికారం. శిస్తు ఇచ్చేవాడు లేనిచోట శిస్తు హక్కుకు ఎవడైనా డబ్బు పోస్తాడా? ఆ దస్తావేజు ఒక్కటే బురద కథను కొట్టిపారేస్తుంది. సుతానుటి పేరులోనే నూలు ఉంది. అక్కడ నేతగాళ్లు, నూలు బజారు, సేఠ్‌లు, బసాక్‌లు ఉన్నారు. సావర్ణ రాయ్ చౌధురి వంశంవారు వేసిన వ్యాజ్యంలో చరిత్రకారుల సంఘాన్ని సంప్రదించి, 2003లో కలకత్తా హైకోర్టు చార్నాక్‌ను నగర స్థాపకుడనడం, ఆగస్టు 24ను నగరపు పుట్టినరోజుగా జరపటం తగదని తీర్పు చెప్పింది. నగరానికి ఒక తండ్రిని, ఒక పుట్టిన రోజును అంటగట్టడం వలస పాలకుల అవసరం. నగరాన్ని కట్టినవారు అనేకులనేది చరిత్ర.

బెంగాలీ రచయితల పుస్తకాలలో మరొక లోపం ఉంది. అక్కడ వంశగౌరవం రాజ్యమేలుతుంది. ఫలానా దేవ్ గారి దుర్గాపూజ, ఫలానా మల్లిక్ గారి పిల్లి పెళ్లి, ఫలానా బాబు తగలేసిన కరెన్సీ నోట్లు - ఇవి చదవడానికి సరదాగా ఉంటాయి. ఆ డబ్బు ఎక్కడిదో మాత్రం చెప్పవు. కంపెనీ దొరలకు బనియన్లుగా, దివాన్లుగా ఉండి, శాశ్వత శిస్తు వచ్చాక జమీందారీలు కొని, రైతు చెమటను నగరంలో మేడలుగా మార్చిన వైనం ఆ సరదా కథల అడుగున మునిగిపోతుంది.

మిత్ర కృషి ఈ రెండింటికీ భిన్నమైనది. ఆయన పద్ధతి చాలా సాదా. ఒక సంగతి విన్నాడంటే అది ఏ వీధిలో, ఏ ఇంటిలో, ఏ సంవత్సరంలో జరిగిందని అడుగుతాడు. కాగితాలు వెతుకుతాడు. తర్వాత చెప్పులు తొడుక్కొని ఆ చోటికి నడిచి వెళతాడు. ఇల్లు ఉందా, పడిపోయిందా, నంబరు మారిందా, వీధి పేరు మారిందా అని విచారిస్తాడు. నగరం ఆయనకు అవశేషాల కొట్టు కాదు, సాక్షుల బోను.

3

ఈ పద్ధతికి విలువ ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ఈ ఉదాహరణ మనకు కొత్తది కాదు, ఎందుకంటే ఇది కందుకూరి వీరేశలింగం కథకు తొలి అధ్యాయం.

1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరు 7న కలకత్తా సుకియా వీధిలో రాజకృష్ణ బంద్యోపాధ్యాయ ఇంట్లో మొదటి పెళ్లి జరిగింది. పాతికేళ్ల తర్వాత 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన పెళ్లి ఆ సుకియా వీధి పెళ్లికి చెల్లెలు. ఆయనను దక్షిణదేశపు విద్యాసాగరుడని ఊరికే పిలవలేదు. ఇప్పుడు సుకియా వీధికి పోయి ఆ ఇల్లు చూడాలంటే సాధ్యమా? ఆర్మీనియన్ వర్తకుడొకడి పేరు మోసిన ఆ వీధిలో కొంత భాగం తర్వాత కైలాస్ బోస్ వీధి అయింది. నంబర్లు మారాయి. పుస్తకంలోని చిరునామా పట్టుకొని వెళ్లినవాడు మరొకరి గుమ్మం ముందు నిలబడతాడు. ఇటువంటి తికమకలను విప్పడానికే కలకత్తాలోని విద్యాసాగరుడిమీద మిత్ర విడిగా పుస్తకం రాయవలసి వచ్చింది.

ఇల్లు తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి అని అడగవచ్చు. తెలిస్తే విద్యాసాగరుడు మనిషిగా తెలుస్తాడు. 1828లో ఎనిమిదేళ్ల పిల్లవాడు తండ్రివెంట వీర్‌సింహ గ్రామంనుంచి నడిచి వస్తూ, దారిలో మైలురాళ్లమీద ఇంగ్లీషు అంకెలు నేర్చుకొన్నాడు. వచ్చి దిగింది బడాబజారులో పరుల ఇంట్లో. ఆ తర్వాత జీవితంలో చాలాభాగం అద్దె ఇళ్లలో, మిత్రుల ఇళ్లలో గడిచింది. బాదుర్‌బాగాన్‌లో స్వంత ఇల్లు కట్టుకొనేనాటికి ఆయన యాభై దాటాడు. అదీ ముఖ్యంగా తన పుస్తకాలకోసం. ఈ చిరునామాలను వరసగా పేర్చి చూడండి. బెంగాల్ పునర్వికాసం మేడల్లో పుట్టిందన్న మాట ఎంత సగం నిజమో తెలుస్తుంది. జమీందారు మేడ చందా ఇచ్చింది. పని చేసింది మాత్రం అద్దె గది.

డేవిడ్ హేర్ సంగతి చూడండి. గడియారాలు బాగుచేసుకు బతకడానికి 1800లో వచ్చిన స్కాట్లండువాడు. 1817లో హిందూ కాలేజీ ఏర్పడటానికి పాటుపడ్డవారిలో ముఖ్యుడు. ఉన్నదంతా బళ్లకు ఖర్చుచేశాడు. 1842 జూన్ 1న కలరాతో పోయినప్పుడు, మతవిశ్వాసం లేనివాడని క్రైస్తవ శ్మశానం అతన్ని చేర్చుకోలేదు. కాలేజీ స్క్వేరు నేలలోనే పాతిపెట్టారు. ఆ చోటు చెరిగిపోతే పోయేది సమాధిరాయి కాదు. మతం కాదన్న మనిషిని విద్యార్థిలోకం తనవాణ్ణి చేసుకొన్నదన్న సాక్ష్యం పోతుంది.

4

ఇక్కడ ఒక చేదు ప్రకరణం ప్రస్తావించక తప్పదు. 1970లో అదే కాలేజీ స్క్వేరులో విద్యాసాగరుడి విగ్రహం తలను విప్లవ విద్యార్థులు నరికివేశారు. వారి వాదన ఇది: బెంగాల్ పునర్వికాసమనేది బ్రిటిషువారి నీడలో పెరిగిన భద్రలోకపు వ్యవహారం. 1857లో సిపాయిలు ప్రాణాలొడ్డి పోరాడుతుంటే ఈ పెద్దలు తెల్లవారి పక్షాన నిలిచారు. సంస్కృత కాలేజీ భవనం ఆనాడు సైనికుల విడిది అయింది. రైతు తిరుగుబాట్లకు విగ్రహాలు లేవు, వీరికి ఉన్నాయి.

ఈ వాదనలోని ప్రశ్న నిజమైనది. దాన్ని కుర్రతనమని కొట్టివేయడం తేలిక, కాని న్యాయం కాదు. విద్యాసాగరుడు 1851లో సంస్కృత కాలేజీ తలుపులు కాయస్థులకు తెరిచాడు, తర్వాత మరికొందరికి తెరిచాడు. కాని సువర్ణవణిక్కుల పిల్లలను చేర్చుకోవలసి వచ్చినప్పుడు వెనుకాడాడు. సంస్కర్తకు కూడా తన వర్గం, తన కులం గీసిన గీత ఉంటుంది. దాన్ని చూపించడం విమర్శకుడి విధి.

అయితే ఈ గీత ఎక్కడ ఉందో మనకు తెలిసింది ఎలాగ? గొడ్డలితో కాదు. కాలేజీ కాగితాలవల్ల, ఉత్తరాలవల్ల, తేదీలవల్ల తెలిసింది. విగ్రహాన్ని పడగొట్టిన చేతికి ఆయన గొప్పతనమూ దొరకలేదు, ఆయన పరిమితీ దొరకలేదు. పైగా ఆ ఆయుధానికి పక్షం లేదు. 2019 మే 14న ఎన్నికల ఊరేగింపు ఘర్షణలో విద్యాసాగర్ కాలేజీలోని ఆయన ప్రతిమను మరొక రకం మూక ముక్కలు చేసింది. వారికి 1857 గొడవే లేదు. మొదటివారు ఒక ప్రశ్న అడగడానికి పగలగొట్టారు, రెండవవారు ఏ ప్రశ్నా లేకుండా పగలగొట్టారు. రెండుసార్లూ నేలపాలైంది ఆ పంతులే.

దీనికి ప్రత్యామ్నాయం నగర చరిత్రలోనే ఉంది. చీకటి గదిలో చనిపోయినవారి పేరున హాల్వెల్ కట్టించిన స్మారకాన్ని, అది మాయమైన చాలాకాలానికి, 1902లో కర్జన్ మళ్లీ డల్హౌసీ స్క్వేరు మూలన నిలబెట్టాడు. అది భారతీయులకు అవమానం. 1940లో సుభాష్ బోస్ పిలుపుమీద హిందూ ముస్లిం యువకులు కలిసి ఆందోళన చేశారు. ప్రభుత్వం దిగివచ్చి దాన్ని తొలగించింది. కాని ముక్కలు చేయలేదు. సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో చార్నాక్ సమాధికి సమీపంలో ఈనాటికీ ఉంది. అధికార పీఠం ఎదుటినుంచి పోయింది, కాని సాక్ష్యంగా మిగిలింది. వలస పాలన మనమీద ఎటువంటి కథ అల్లిందో విద్యార్థికి చూపించాలంటే ఆ రాయి కావాలి. పూజకు తగనిదల్లా నాశనానికి తగినది కాదు. ఈ తేడా తెలియడమే వారసత్వ విషయంలో అభ్యుదయ దృక్పథం.

5

వీధుల పేర్ల విషయం కూడా ఇటువంటిదే. స్వాతంత్ర్యం తర్వాత కలకత్తాలో పేర్ల మార్పు ఒక ఉత్సవంలా సాగింది. కార్న్‌వాలిస్ వీధి విధాన్ సరణి అయింది. హారిసన్ రోడ్డు మహాత్మాగాంధీ రోడ్డు, మిర్జాపూర్ వీధి సూర్యసేన్ వీధి, ధర్మతలా లెనిన్ సరణి అయ్యాయి. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా దౌత్య కార్యాలయం ఉన్న హారింగ్టన్ వీధికి హోచిమిన్ పేరు పెట్టారు. ఆ చమత్కారం ఎవరికి నచ్చదు? డల్హౌసీ పేరు తీసి వినయ్, బాదల్, దినేశ్‌ల పేరు పెట్టడం న్యాయమే.

కాని ధర్మతలా కార్న్‌వాలిస్ వంటి పేరు కాదు, దొర పెట్టినది కాదు. జనం నోట పుట్టిన పేరు. లెనిన్‌కు గౌరవం ఇవ్వడానికి ప్రజల మాటను కొట్టివేయాలా? జనం ఇంకా ధర్మతలా అనే అంటున్నారు. ఉత్తర కలకత్తా పేర్లు వినండి: కుమార్‌టులి - కుమ్మరులు, దర్జీపాడా - దర్జీలు, కంసారిపాడా - కంచరులు, జేలేపాడా - జాలరులు, కలూటోలా - గానుగవాళ్లు, ముచీపాడా - చెప్పులు కుట్టేవాళ్లు, శాంఖారీటోలా - శంఖాల గాజులు కోసేవాళ్లు, ఆహిరీటోలా - గొల్లలు. వీరెవరికీ మేడలు లేవు, స్మారకాలు లేవు, జీవిత చరిత్రలు లేవు. నగరాన్ని కట్టిన శ్రామికకులాలు తమ గుర్తుగా వదిలినవి ఈ పేర్లే. కార్న్‌వాలిస్ పేరు పోతే చరిత్ర పుస్తకంలో దొరుకుతాడు. జేలేపాడా పేరు పోతే జాలరి ఎక్కడా దొరకడు. పేరు మార్చేముందు ఆ పేరు ఎవరిది అని అడగడం మున్సిపాలిటీకి నేర్పవలసిన మొదటి పాఠం.

నగరం కూలగొట్టి కట్టడం ఈనాటి మాట కాదు. 1757 తర్వాత కొత్త కోటకోసం గోవిందపూర్ గ్రామాన్ని మొత్తంగా లేవదీశారు. 1817లో ఏర్పడ్డ లాటరీ కమిటీ లాటరీ టిక్కెట్ల డబ్బుతో కార్న్‌వాలిస్ వీధి, కాలేజీ వీధి వంటి పొడుగాటి రోడ్లు తీసింది. 1911 చట్టం కింద ఏర్పడ్డ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ప్లేగు భయం పేరున బస్తీలను చీల్చి సెంట్రల్ అవెన్యూ వేసింది. ప్రతిసారీ ఆరోగ్యం, గాలి, వెలుతురు అన్నారు. ప్రతిసారీ లేచిపోయింది గుడిసెలో ఉన్నవాడు. స్వతంత్ర భారతంలో 1960లో కలకత్తా విశ్వవిద్యాలయం శతవార్షిక భవనంకోసం తన సెనేట్ హాలునే పడగొట్టుకొంది. పట్టాలిచ్చిన హాలును పట్టభద్రులే కూల్చిన ఈ ఘట్టంలో దొరలను తిట్టడానికి వీలులేదు.

6

ఇంతవరకు చెప్పినదంతా మిత్ర పద్ధతికి అనుకూలమైన వాదన. ఇప్పుడు దాని పరిమితి చెప్పాలి. ఆయనవంటి సత్యాన్వేషికి మనం ఇవ్వగల గౌరవం అదే.

చిరునామా ఆధారంగా నడిచే చరిత్ర చిరునామా ఉన్నవారి చరిత్ర అవుతుంది. దస్తావేజులు, మున్సిపల్ పన్ను పుస్తకాలు, డైరెక్టరీలు - వీటిలోకి ఎక్కేది ఇంటి యజమాని. ఇంట్లో అద్దెకున్నవాడు కొంతవరకు. బస్తీలో నేల అద్దెకు తీసుకొని గుడిసె వేసుకున్నవాడు, గోదాములో పడుకొనే కూలీ, మిల్లు లైనులో ఒకే గదిలో వంతులవారీగా నిద్రపోయే బిహారీ, ఒడియా కార్మికుడు, మనవైపునుంచి హుగ్లీ గట్టు మిల్లులకు వలసపోయిన తెలుగు కూలీ - వీరు ఏ పుస్తకంలోనూ ఏ నంబరు కిందా లేరు. విద్యాసాగరుడి అద్దె ఇంటిని వెతికి పట్టుకోవచ్చు. బౌరియా సమ్మెలో పస్తులున్న కార్మికుడి గదిని ఏ డైరెక్టరీలో వెతకాలి?

ఇదే మిత్ర జీవితంలోని లోతైన వైరుధ్యం. మొదటి సగంలో ఆయన ఎవరితో నిలబడ్డాడో, రెండవ సగంలో ఆయన పద్ధతి వారిని చేరలేకపోయింది. ఇది వ్యక్తి లోపం కాదు, ఆధారాల వర్గ స్వభావం. రాజ్యం దేన్ని రాసిపెట్టుకుంటుందో దేన్ని రాయదో నిర్ణయించేది ఆస్తి. ఆ కాగితాలమీదనే ఆధారపడితే ఎంత అభ్యుదయవాది అయినా ఆస్తి గీసిన పటంలోనే నడుస్తాడు. ఈ గోడను దాటాలంటే కాగితాల పక్కన మరికొన్ని సాక్ష్యాలు చేర్చాలి: పేట పేర్లు, కార్మికుల నోటిమాటలు, పాటలు, సమ్మె కరపత్రాలు, పోలీసు రిపోర్టులను తిరగేసి చదవడం.

మిత్ర సమకాలికుడు వినయ్ ఘోష్ (1917-1980) ఈ లోపాన్ని మరొక వైపునుంచి చూశాడు. ఆయన మార్క్సిస్టు సామాజిక చరిత్రకారుడు. ‘పశ్చిమ వంగేర్ సంస్కృతి’ కోసం పల్లెపల్లె తిరిగాడు. విద్యాసాగరుడిమీద, పాత పత్రికల సమాజ చిత్రాలమీద సంపుటాలు రాశాడు. మొదట బెంగాల్ పునర్వికాసాన్ని ఘనంగా వర్ణించి, జీవిత చరమదశలో ఆ వర్ణనను తానే ప్రశ్నించాడు. ఘోష్ దగ్గర ప్రశ్నలు పెద్దవి. మిత్ర దగ్గర జవాబులు చిన్నవి, కాని గట్టివి. ప్రశ్న లేని వివరం పోగుచేసిన పెంకులకుప్ప అవుతుంది. వివరం లేని ప్రశ్న ఉపన్యాసమవుతుంది. మన సాహిత్య విమర్శలో రెండవ జబ్బు ఎక్కువ గనుక మిత్ర మనకు ఎక్కువ అవసరం.

మూడవ పేరు కూడా చెప్పాలి. పి. తంకప్పన్ నాయర్ (1933-2024) మలయాళీ. 1955లో కలకత్తా వచ్చి, భవానీపూర్ కంసారిపాడాలో సామాన్యమైన అద్దె నివాసంలో దశాబ్దాలు గడిపి, ఏ విశ్వవిద్యాలయపు జీతమూ లేకుండా ఆ నగరం గురించి పుస్తకాల వరస రాశాడు. కలకత్తా వీధుల చరిత్ర 1987లో వెలువడింది. ఆయన పోగుచేసిన అపురూప గ్రంథాలు టౌన్ హాలు గ్రంథాలయానికి చేరాయి. 2018లో కేరళకు తిరిగిపోయాడు. మీరట్ ముద్దాయి, మలయాళీ పరదేశి - నగర చరిత్రను నిలబెట్టినవారు వీరు. నగరం అక్కడ పుట్టినవారి సొత్తు కాదు, దాన్ని పట్టించుకొన్నవారిది.

7

2001లో పశ్చిమ బెంగాల్ శాసనసభ వారసత్వ కమిషన్ చట్టం చేసింది. నగరపాలక సంస్థ వారసత్వ భవనాల జాబితా వేసి తరగతులుగా విభజించింది. ఇవి మంచి పనులే. కాని జాబితాలో ఎక్కేది స్తంభాలున్న మేడ, వాస్తుశిల్ప సౌందర్యమున్న మేడ. సుకియా వీధి పెళ్లి జరిగిన ఇంటివంటి దానికి సౌందర్యం ఉండకపోవచ్చు, ముఖ్యత్వం ఉంటుంది. పైగా ఉమ్మడి కుటుంబాలు చీలి, అద్దెలు రాక, మరమ్మతు చేసే శక్తి లేక కూలుతున్న ఇళ్లను చట్టం ఒక్కటే నిలబెట్టలేదు. నేల ధర ఇటుక ధరను మించిన రోజున కంట్రాక్టరు వస్తాడు. అందులోని అద్దెదారుకు ఎక్కడ చోటిస్తారని అడగకుండా ఇంటిని కాపాడండి అనడం కూడా అర్ధాంతరమైన ప్రేమే. మనుషులను వెళ్లగొట్టి గోడలకు రంగువేసి, కాఫీ హోటలు పెట్టడం పరిరక్షణ కాదు, మరొక రకం కూల్చివేత.

మనకు ఇందులో పాఠం ఉంది. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి బహుమతి 1955లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కు వచ్చింది. రాజులను పక్కకు నెట్టి జనం తిన్న తిండిని, కట్టిన బట్టను, ఆడిన ఆటలను కావ్యాలలోనుంచి వెలికితీసిన గ్రంథమది. సురవరం పుస్తకాలలో ప్రజలను వెతికాడు. పాతికేళ్ల తర్వాత అదే బహుమతి పొందిన మిత్ర వీధులలో వెతికాడు. మన నగరాల విషయంలో ఈ రెండవ పని ఇంకా మిగిలే ఉంది.

ఈ పనికి పెద్ద గ్రాంట్లు అక్కరలేదు. ఒక కాలేజీ విద్యార్థి సంఘం, ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, ఒక నోటుబుక్కు చాలు. తమ ఊళ్లో మొదటి కార్మిక సంఘం ఏ ఇంట్లో ఏర్పడిందో, మొదటి రాత్రిబడి ఎక్కడ నడిచిందో, ఏ అచ్చుకూటంలో నిషిద్ధ కరపత్రం పడిందో, పేటల పాత పేర్లు ఏవో, అవి ఎవరి పేర్లో ముసలివారు ఉండగానే అడిగి రాసుకోవాలి. విన్నదాన్ని కాగితంతో సరిచూడాలి, కాగితాన్ని వీధితో సరిచూడాలి. ఎనభై దాటిన రాధారమణ మిత్ర చేసి చూపిన పని ఇది. ఇరవైయేళ్లవారికి కష్టమని చెప్పడానికి వీలులేదు.